పారేసిన ఒక్క లైను

ఇంటర్వ్యూ మధ్యాహ్నం రెండున్నరకి. ఉదయం ఏడుంపావుకే అన్నమ్మాళ్ వచ్చి తలుపు కొట్టింది.

నివేదిత పెనం మీద దోసె అలాగే వదిలేసి వెళ్లి గడియ తీసింది. అన్నమ్మాళ్‌ది నెల్లితోపు పేటలోనే, వెనక వీధి; ఆ తమిళ ఊళ్లో వాళ్లదీ నివేదిత వాళ్లలాగే తెలుగిల్లు. చుట్టరికం ఏమీ లేకపోయినా నివేదిత ఆమెని ముప్పై ఏళ్లుగా అక్కా అనే పిలుస్తోంది. ఎప్పుడొచ్చినా వాకిట్లో నిలబడి "ఏం పాపా, తిన్నావా?" అని అడిగాకే లోపలికి వచ్చే మనిషి. ఇవాళ ఆ మాట లేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితాలు తెచ్చి నివేదిత చేతిలో పెట్టింది.

"నీ మిషను మా ఆయన్ని అబద్ధాలకోరు అనేసింది పాపా."

"ఏ మిషనక్కా?"

"ఏ మిషనా? నువ్వు చేసిన మిషనే. తట్టాంచావడి కమిటీవాళ్లకి ఇచ్చుండావే, అది. ఈ పొద్దు నాలుగు గంటలకి సంతకం పెడతారంట. పెట్టినారంటే ఆయన్ని వేలె నుంచి తీసేసినట్టే, ఉద్యోగం పోయినట్టే. ఇరవై ఎనిమిదేండ్లు ఆ బాయిలర్ కాడ నిలబడినోడు!"

ఇరుసప్పన్ అన్నమ్మాళ్ భర్త. అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. రెండు నెలల కిందట అక్కడ ఆవిరి గొట్టం పగిలి ఒక కూలీ చెయ్యి కాలింది. షిఫ్టు దిగేటప్పుడు వాల్వు మూయకుండా పోయింది ఎవరన్నదే తగాదా. మూసే పోయానని ఇరుసప్పన్ అంటున్నాడు. మూయలేదని సూపర్‌వైజర్ మాడసామి రాసిచ్చాడు.

"ఆ మాడసామి రాసింది చూడు. నాకు చదవను రాదు, మా కూతురు విజి చదివి చెప్పింది. మొదటి పేజీలో ఏమంటాడు? ఆ పొద్దు నేను ఊర్లోనే లేను, విళుప్పురంలో చెవులు కుట్టే ఫంక్షనుకి పోయినాను, మర్నాడే వచ్చినాను అంటాడు. మూడో పేజీలో? అదే పొద్దు సాయంత్రం అయిదున్నరకి ఇరుసప్పన్ వాల్వు మూయకుండా పోతావుంటే కండ్లారా చూసినాను అంటాడు. విళుప్పురంలో కూర్చోని తట్టాంచావడి వాల్వు చూసినాడా? ఏం కండ్లు పాపా అవి?"

నివేదితకి నవ్వొచ్చింది. "అట్లాంటిది మిషను పట్టేస్తాదక్కా. దాని పనే అది. బావ చెప్పిన దాంట్లో ఇంకేదో తేడా ఉండుంటాది."

"అయితే నువ్వే చూసి చెప్పు. నీ నోటితో చెప్తే నేను నోరు మూసుకుంటాను."

వంటింట్లోంచి దోసె మాడిన వాసన వచ్చింది. అన్నమ్మాళ్ అప్పటికే మెట్లు దిగిపోయింది.

*

నివేదితకి యాభై రెండేళ్లు. ఊరి బయట ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్. పద్దెనిమిదేళ్లుగా ఆమె చేస్తున్న పని ఒక్కటే. మనుషులు చెప్పే మాటలకి నంబర్లు వేసి, ఏ మాట ఏ మాటని కొడుతుందో బాణాలు గీసి, చివరికి ఏ మాట నిలుస్తుందో కంప్యూటర్ చేత చెప్పించడం. కృత్రిమ మేధ అనే పెద్ద భవనంలో అది వెనకవైపు గది. మిగతా గదులన్నిటికీ ఏసీలు వచ్చాయి. ఈ గదికి ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగదు.

ప్రొఫెసర్ పదవికి ఆమె ఇంతకు ముందు రెండుసార్లు ఇంటర్వ్యూకి వెళ్లింది. రెండుసార్లూ ఒకటే ప్రశ్న: "సిద్ధాంతం బావుంది మేడం. దీని వాడుక ఎక్కడ?" రెండుసార్లూ ఆమె నీళ్లు నమిలింది. మూడోసారి కూడా రాకపోతే మళ్లీ దరఖాస్తు చేసే వీల్లేదని అక్కడి నియమం. అంటే ఇవాళ్టి మధ్యాహ్నమే ఆఖరు.

కానీ ఈసారి ఆమె దగ్గర వాడుక ఉంది. తట్టాంచావడి చిన్న ఫ్యాక్టరీలవాళ్లూ పనివాళ్లూ కలిసి పెట్టుకున్న వివాదాల కమిటీ ఏడాదిన్నరగా ఆమె యంత్రాన్నే వాడుతోంది. రెండు వందల పన్నెండు తగాదాలు తేల్చింది. ఆ కమిటీ కన్వీనర్ శివలింగం ఇవాళ పరిశ్రమల తరఫున ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుంటున్నాడు. ఇంతకన్నా మంచి రోజు రాదు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నివేదిత మాడసామి వాంగ్మూలం చదివింది. నాలుగు పేజీలు. అన్నమ్మాళ్ ఒక్క అక్షరం కూడా పొల్లు చెప్పలేదు.

సరే, మిషను పట్టే ఉంటుంది, అనుకుంది మళ్లీ. ఆ మాట ఉదయం అన్నంత ధీమాగా లేదు.

*

పదకొండున్నరకి ల్యాబులో కూర్చుని ఆ కేసు ఫైలు తెరిచింది.

కమిటీ ఆఫీసులో ఒక టైపిస్టు ఉంది. ఏడాదిన్నర కిందట ఆ అమ్మాయికి పని నేర్పింది నివేదితే. వాంగ్మూలానికి ఒక నంబరు వెయ్యి. ఒక వాంగ్మూలం ఇంకోదానికి అడ్డొస్తే, ఆ రెండు నంబర్లూ ఒక లైనులో పక్కపక్కన కొట్టు. అంతే. మిగతాది యంత్రం చూసుకుంటుంది. నిలిచే మాట ఆకుపచ్చ, పడిపోయే మాట ఎరుపు, ఎటూ తేలని మాట పసుపు.

ఇరుసప్పన్ మాట నాలుగో నంబరు. మాడసామిది పదకొండు. కమిటీ నియమం ప్రకారం కళ్లతో చూసిన సాక్షి మాట నిందపడ్డ మనిషి మాటని కొడుతుంది. తిరిగి కొట్టాలంటే ఇంకో సాక్షి కావాలి. ఇరుసప్పన్‌కి సాక్షి లేడు. ఆ సాయంత్రం బాయిలర్ దగ్గర అతనొక్కడే ఉన్నాడు.

టైపిస్టు ఆ లైను సరిగ్గానే కొట్టింది. పదకొండు, నాలుగు.

దాని కింద ఇంకో లైను ఉంది. పదకొండు, పదకొండు.

నివేదిత కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఆ అమ్మాయి నాలుగు పేజీలూ చదివింది. మాడసామి మాటకి మాడసామి మాటే అడ్డం అని పట్టుకుంది. నేర్పినట్టే రాసింది. మరి యంత్రం ఏం చేసింది?

చదివిన లైన్లు నలభై ఒకటి. వాడిన లైన్లు నలభై. ఒక లైను పారేయబడింది, కారణం టైపింగ్ తప్పు. ఈ ముక్క ఎవరూ తెరవని ఒక మూల ఫైల్లో ఉంది. కమిటీకి వెళ్లే రిపోర్టులో లేదు.

ఆ లైను పారేయమని యంత్రానికి చెప్పింది ఎవరు? వెతకడానికి పది నిమిషాలు పట్టింది. దొరికాక చూస్తే ప్రోగ్రాములో ఒక్క వాక్యం, పక్కన చిన్న గమనిక: రెండు నంబర్లూ ఒకటే అయితే టైపింగ్ తప్పు, తీసెయ్. కింద పొడి అక్షరాలు. సి. ఎన్.

చెంగల్రాయన్ కూతురు నివేదిత. తనే.

పదమూడేళ్ల కిందటి సాయంత్రం గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున పేపరు పంపాలి. బీటెక్ పిల్లల చేత కొట్టించిన ఫైళ్లలో ఎక్కడపడితే అక్కడ అయిదు అయిదు, తొమ్మిది తొమ్మిది. అన్నీ నిజంగా టైపింగ్ తప్పులే. గైడు రంగరాజన్ వెనక నిలబడి, "తీసెయ్యి నివేదితా. తన మాటని తనే కొట్టుకునే మనిషి ఎవడుంటాడు?" అన్నాడు. వాటిని తీసెయ్యమని ఆమె యంత్రానికి ఆ వాక్యం రాసింది. తర్వాత ఆ వాక్యాన్ని తొలగించాలి అనుకుంది. తర్వాత పేపరుకి బహుమతి వచ్చింది. తర్వాత ఇంకో పేపరు. తన మాటని తనే కొట్టుకునే వాదనల మీద ఈ రంగంలో ఇరవై ఏళ్లుగా తగువులాడుకుంటున్నారు. వాటిలో మూడు పేపర్లు నివేదితవే. కాగితం మీద అలాంటి వాదనకి ఎంతో మర్యాద. ఆమె సొంత యంత్రంలోకి మాత్రం దానికి ప్రవేశం లేదు.

నిజంగా అలాంటి మనుషులు ఉంటారని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. తట్టాంచావడిలో ఇంత తేలిగ్గా దొరుకుతారని అసలే అనిపించలేదు.

ఆ వాక్యం తీసేసి యంత్రాన్ని మళ్లీ నడిపింది. ఇరుసప్పన్ మాట ఆకుపచ్చ అవుతుందని ఎదురుచూసింది. కాలేదు. పదకొండు పసుపు. నాలుగు కూడా పసుపే. మాడసామి మాట నిలవలేదు, అలాగని పూర్తిగా పడిపోనూ లేదు. తనతోపాటు ఇరుసప్పన్ మాటని కూడా బురదలోకి లాగింది. యంత్రం చెప్పేది ఒక్కటే. ఇది తేలలేదు.

తేలకపోతే ఉద్యోగం తియ్యకూడదు. కమిటీ నియమాల్లో మొదటిది అదే.

నివేదిత ఇక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. రెండు వందల పన్నెండు ఫైళ్లనీ వరసగా పెట్టి నడిపింది. నాలుగు నిమిషాలు పట్టింది. అలాంటి లైను ఉన్న కేసులు ముప్పై ఒకటి. వాటిలో ఫలితం మారినవి పంతొమ్మిది.

గోడ గడియారంలో పన్నెండున్నర. ఆమె లంచ్ డబ్బా తెరవలేదు.

*

రంగరాజన్‌కి డెబ్భై ఏళ్లు. పదవీ విరమణ అయ్యాక విశ్వవిద్యాలయానికి సలహాదారు. ఇవాళ్టి బోర్డులో నిపుణుడు కూడా ఆయనే. గైడు అలా కూర్చోకూడదని అందరికీ తెలుసు, ఎవరూ అనరు. గెస్ట్ హౌసులో పెరుగన్నం తింటున్నాడు. ఆయనదీ తెలుగిల్లే. నలుగురిలో ఇంగ్లీషు, ఇద్దరే ఉంటే తెలుగు.

"ఏంది నివేదితా, ఇంటర్వ్యూ రోజు ఆ మొగమేంది?"

ఆమె చెప్పింది. ఆయన ముద్ద ఆపి మొత్తం విన్నాడు. రెండే ప్రశ్నలు అడిగాడు. ఎన్ని కేసులు? ఎవరికి తెలుసు?

"పంతొమ్మిది. మీకూ నాకూ."

"అయితే గురువారం చెప్పు, ఆర్డరు చేతికొచ్చినాక."

"సార్, సంతకం ఈ పొద్దు నాలుక్కి."

"పెట్టనీ. గురువారం నువ్వు తప్పు దొరికిందని ఉత్తరం రాయి. తీసేసినోణ్ణి మళ్లీ పెట్టుకుంటారు. రెండు రోజుల్లో ఏం కొంప మునిగిపోతాది?"

"ఒకసారి బయటికి పంపినోణ్ణి ఏ ఫ్యాక్టరీ లోపలికి రానిచ్చింది సార్?"

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గింది.

"నేను నీ మేలు ఒక్కటే చూసి చెప్పడంలేదు. ఈ రోజు ఆ గదిలో తప్పుందన్నావంటే శివలింగం నీ మిషన్ని ఎత్తి మూల పడేస్తాడు. ఆ తర్వాత? మళ్లీ పాత పద్ధతే. ఫ్యాక్టరీ ముదలాళి, అదే ఓనరు, కన్ను కొడితే తీర్పు. నీ మిషను పంతొమ్మిదిట్లో తప్పు చెప్పింది, ఒప్పుకుంటాను. నూటతొంబైమూడిట్లో సరిగ్గా చెప్పింది గదా. దాన్నెందుకు చంపుకుంటావు? ప్రొఫెసరు అయినాక ఇంత బలంగా నిలబడి సరిచెయ్యి. ఇప్పుడు నీ మాట ఎవురు వింటారు?"

అది మంచి వాదన. ఆమెకి ఆయనే నేర్పిన రకం. ఎక్కడ కొట్టాలో వెంటనే కనబడలేదు. చాలా అలసటగా అనిపించింది. పద్దెనిమిదేళ్లలో ఇంత అలసట ఎప్పుడూ రాలేదు.

బయటికి వచ్చి శివలింగానికి ఫోన్ చేసింది. బోర్డు గదికి వెళ్లేలోపు ఆయనకి చెవిలో వేసేస్తే చాలు.

"మేడం! డ్రైవింగ్‌లో ఉన్నాను. అక్కడే కలుద్దాం. మీ గురించి పేజీ పొడుగు ఉత్తరం తెచ్చాను, చూడండి," అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. రెండూ ఇరవై తొమ్మిదికి కారు దిగి నేరుగా బోర్డు గదిలోకి వెళ్లిపోయాడు.

*

గదిలో అయిదుగురు. మధ్యలో ఉపకులపతి. అంతా ఇంగ్లీషు. ఈసారి ఎవరూ వాడుక ఎక్కడని అడగలేదు. అడగకముందే శివలింగం అందుకున్నాడు.

"సార్, నేను ఫౌండ్రీ నడుపుకునే మనిషిని. ఈ బాణాల లెక్క నాకేం తెలియదు. ఒకటి తెలుసు. ఇదివరకు మా కమిటీ మీటింగంటే కుర్చీలు విరిగేవి. ఇప్పుడు విరగడం లేదు."

అందరూ నవ్వారు. ఉపకులపతి కూడా.

"ఒక కేసు చూపించండి మేడం," అన్నాడు ఆయన.

"తొమ్మిదో కేసు బావుంటుంది," అన్నాడు రంగరాజన్ వెంటనే.

"పాతదెందుకు సార్? బాయిలర్ కేసు చూపించమనండి. ఇప్పుడు వెళ్లి సంతకం పెట్టబోయేది అదే," అన్నాడు శివలింగం.

నివేదిత ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద యంత్రం బొమ్మలు రెండు. ఎడమవైపు పాతది. కుడివైపు రెండు గంటల కిందట సరిచేసినది. వేలు ఒక్క క్షణం ఆగింది.

ఎడమవైపు దాన్ని నొక్కింది.

గోడ మీద బొమ్మ పడింది. పదకొండు ఆకుపచ్చ. నాలుగు ఎరుపు. శుభ్రంగా ఉంది, పసిపిల్లకి కూడా అర్థమవుతుంది. ఆమె గొంతు దానంతటదే వివరించుకుంటూ పోయింది. ఇది ఇతని మాట, ఇది సాక్షి మాట, ఇది దాన్ని కొడుతుంది, కాబట్టి ఇది పడిపోతుంది. శివలింగం తల ఊపాడు. జేబులోంచి ఉత్తరం తీసి చదివాడు. అందులో నిష్పక్షపాతం అనే మాట మూడుసార్లు వచ్చింది. రంగరాజన్ కుర్చీలో వెనక్కి వాలాడు.

ఉపకులపతి ఫైలు మూశాడు. "సంతోషం డాక్టర్ నివేదితా. మూడోసారి రావలసి వచ్చినందుకు మేమే సిగ్గుపడాలి."

అయిపోయింది. ప్రొఫెసర్. ఆమె లేచి నిలబడింది.

శివలింగం వాచీ చూసుకున్నాడు. "మూడూ పది. నేను బయల్దేరాలి. సిగ్నల్ దగ్గర ఇరుక్కుంటే నాలుగు దాటుతుంది." లేచి కుర్చీ లోపలికి తోశాడు. తలుపు దాకా నాలుగు అడుగులు. రెండు వేశాడు.

"శివలింగం సార్. ఆ సంతకం పెట్టకండి."

అంది నివేదిత. ఆయన వెనక్కి తిరిగాడు.

నివేదిత కూర్చుని కుడివైపు బొమ్మ నొక్కింది. గోడ మీద ఆకుపచ్చా పోయింది, ఎరుపూ పోయింది. రెండు పసుపు చుక్కలు మిగిలాయి.

"ఇది సరైన జవాబు. ఇందాకటిది తప్పు. సాక్షి మాటకి సాక్షి మాటే అడ్డం. మొదటి పేజీలో ఊళ్లో లేనన్నాడు, మూడో పేజీలో చూశానన్నాడు. మీ టైపిస్టు పట్టుకుంది. నా యంత్రం దాన్ని టైపింగ్ తప్పని పారేసింది."

 శివలింగం దగ్గరికి వచ్చి గోడని చూశాడు.

"అయితే బాయిలర్ మనిషి తప్పు లేదా?"

"నాకు తెలియదు. యంత్రానికీ తెలియదు. తెలిసినట్టు చెప్పింది, అదే తప్పు."

"ఈ ఒక్క కేసేనా?"

"పంతొమ్మిది."

శివలింగం ముఖం ఎర్రబడింది. "పంతొమ్మిది! మేడం, అందులో ఊరొదిలి పోయినవాళ్లు ఉన్నారు. నేను సంతకం పెట్టి పంపాను. నా చేత్తో." ఉత్తరం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ఏం చేయాలో తోచక మళ్లీ మడిచాడు.

ఉపకులపతి నెమ్మదిగా అడిగాడు. "ఈ తప్పు మీకు ఎప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అనొచ్చు. ఎవరూ కాదనలేరు.

"పన్నెండున్నరకి."

"అంటే ఇందాక మాకు చూపించేటప్పుడు తెలుసు."

"తెలుసు సార్."

 ఆయన మూసిన ఫైలుని పక్కకి జరిపాడు. నివేదితకి అర్థమైంది. తప్పు దొరికిందని గదిలోకి వస్తూనే చెప్పి ఉంటే బహుశా బయటపడేది. ముందు తప్పుడు బొమ్మ చూపించి, మెప్పు పొంది, ఆ తర్వాత చెప్పింది. తన ఇంటర్వ్యూలో తను చెప్పిన మొదటి సగానికి తనే రెండో సగంతో అడ్డం పడింది.

"పారేయమనే ఈ లైను ఎవరు పెట్టించారు?" శివలింగం అడిగాడు. "మీరా, మీ పిల్లలెవరైనానా?"

రంగరాజన్ కిటికీ వైపు చూస్తున్నాడు.

"రాసింది నేనే. నా పొడి అక్షరాలే ఉన్నాయి," అంది.

శివలింగం తలుపు దగ్గర ఆగి, వేలు చూపించి మరీ చెప్పాడు. "ఈ రోజు సంతకం పెట్టను. ఆ మాడసామిని పిలిపిస్తాను. మిగతా పద్దెనిమిది మందికీ మీరే చెప్పాలి. శుక్రవారంలోగా, ఒక్కొక్కరికీ, మీ సంతకంతో. నేను మొహం చూపించలేను."

కారిడార్లో రంగరాజన్ ఆమెని అందుకున్నాడు. ఆయాసపడుతున్నాడు.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే లైను మారుతుందా సార్?"

 "కాఫీ తాగుతావా?" అన్నాడు.

"వద్దు సార్. పొద్దున్నుంచి ఏం తినలేదు."

అది ఎటు చూసినా సరైన జవాబు కాదు. ఇద్దరూ పట్టించుకోలేదు.

*

సాయంత్రం ఆరింటికి నివేదిత బస్సు దిగి నేరుగా వెనక వీధికి వెళ్లింది. ఇరుసప్పన్ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మిక్సీ మూత విప్పి పాత వాషర్ పీకుతున్నాడు. ఫ్యాక్టరీకి పోకూడదన్నప్పటినుంచి వీధిలో అందరి మిక్సీలూ ఆయన దగ్గరికే వస్తున్నాయి. అన్నమ్మాళ్ లోపలినుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"సంతకం పెట్టలేదక్కా. వచ్చే బుధవారం మాడసామిని పిలిచి మళ్లీ అడుగుతారు."

"అయితే గెలిచినట్టే గదా!"

"లేదక్కా. మాడసామి మాట నిలవలేదు. బావ మాట కూడా నిలవలేదు. తేలలేదు, అంతే."

"తేలలేదా?" అన్నమ్మాళ్ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇరవై ఎనిమిదేండ్లు చేసినోడికి తేలలేదంటే ఏంది పాపా అర్థం? అడ్డంగా అబద్ధం రాసినోడూ ఈయనా ఒకటేనా నీ మిషనుకి?"

దానికి నివేదిత దగ్గర మూడు పేపర్లున్నాయి. ఒక్కటీ ఇక్కడ పనికిరాదు. అరుగు మీద కూలబడి చెప్పులు విప్పింది. పాదాలు వాచి ఉన్నాయి.

ఇరుసప్పన్ తలెత్తకుండానే అన్నాడు. "పొద్దున నన్ను అబద్ధాలకోరు అనిందిగదా మిషను. ఇప్పుడు అనడంలేదుగదా. ఉండనీ. బుధవారం మాడసామి నా ఎదుట నిలబడి చెప్పనీ, అది చాలు."

"మీకేమి, ఉండనీ అంటారు," అంది అన్నమ్మాళ్. తర్వాత నివేదిత మొహం చూసి గొంతు మార్చింది. "నీ ప్రొఫెసరు వేలె ఏమయింది పాపా? ఈ పొద్దే గదా?"

"పోయిందక్కా."

"అయ్యో. మావల్లనా?"

"మీవల్ల కాదు. ముందే చెప్పుండాల్సింది. కొంచేపు నోరు మూసుకున్నాను. దానివల్ల."

 అన్నమ్మాళ్ లోపలికి వెళ్లి రెండు ఇడ్లీలు పళ్లెంలో పెట్టి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. "ఫస్టు తిను," అంది.

నివేదిత తింటూనే సంచిలోంచి కాగితం తీసి పక్కన పెట్టుకుంది. పద్దెనిమిది పేర్లు. రేపట్నుంచి వెతకాలి. సగం అడ్రసులు ఫ్యాక్టరీలవే. ఆ ఫ్యాక్టరీల్లో వాళ్లిప్పుడు లేరు.

ఇరుసప్పన్ మెడ చాచి చూశాడు. "ఏంది ఆ లిస్టు?"

చెప్పింది. ఆయన జిడ్డు వేలు కాగితానికి తగలకుండా గాల్లోనే పేర్ల వెంట నడిపాడు. ఆరో పేరు దగ్గర ఆగాడు.

"ఎళిలరసన్. లేత్ షెడ్డోడు గదా? వీడికీ ఇట్లనే అయ్యిందా?"

"అయ్యింది బావా. యాడుండాడో తెలుసునా?"

"సారం పేటలో తమ్ముడింట్లో ఉండాడు. దొంగ పేరు పడిందని ఎవురికీ మొగం చూపించడు. రేపు పొద్దున కోయంబత్తూరుకి పోతాడంట, ఆడ ఏదో వేలె దొరికిందని. ఇల్లు కూడా ఖాళీ చేస్తావుండారు."

"రేపు పొద్దున ఎన్ని గంటలకి?"

"అయిదు గంటల బస్సు." ఇరుసప్పన్ కుర్చీలోంచి లేచాడు. "ఈ పొద్దే పోవాల. సైకిల్ వద్దు, టౌన్ బస్సులో పోదాం, లే."

నివేదిత పళ్లెంలో మిగిలిన ఇడ్లీ వైపు, తన పాదాల వైపు చూసుకుంది. ఇల్లు ఇక్కడికి వంద గజాలు. మంచం ఉంది. ఇంకో పదిహేడు పేర్లకి రేపు ఉంది, ఎల్లుండి ఉంది. వీడికి లేదు.

"ఏం చెప్తావు వాడికి?" అన్నాడు ఇరుసప్పన్.

"తప్పు నాదని చెప్తాను. తిడతాడు."

"తిడతాడు. వాడి నోరు మంచిది కాదు. నేను పక్కన ఉంటాలే."

ఇద్దరూ వాకిలి దాటబోతుంటే లోపలినుంచి అన్నమ్మాళ్ కేక వేసింది.

"ఆ మిక్సీ మూత విప్పి పారేసి యాడికి పోతారు? పక్కింటిది అది! పొద్దున చట్నీకి నా ప్రాణం తీస్తాది. బిగించి పోండి!"

ఇరుసప్పన్ నాలుక కరుచుకుని వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కొత్త వాషర్‌ని తడి వేలితో అంచు చుట్టూ ఒత్తి, మూత తిప్పి, ఒకసారి లాగి చూసి, మళ్లీ తిప్పాడు. తొందర పడలేదు.

నివేదిత చెప్పులు తొడుక్కుని, ఆ మూత బిగిసేదాకా గోడకి ఆనుకుని నిలబడింది.